రేడియేటర్‌ను డాబా మీద పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది కిన్వట్ పక్కన గోకుంద. మా జిన్నింగ్ మిల్లులో 500 కేవీఏ డీజిల్ జనరేటర్ గది బాగా ఇరుకు. రేడియేటర్‌ను డాబా మీదికి మార్చవచ్చా?

జవాబు: మార్చవచ్చు. మీకు అదే మేలు కూడా. మిల్లులో ఎగిరే దూది పీచు రేడియేటర్ రెక్కల మధ్య పేరుకుని గాలిని ఆపేస్తుంది.

ముందు ఎత్తు కొలవండి. 10 మీటర్ల ఎత్తున్న నీరు ఇంజిన్ సీళ్ల మీద దాదాపు 1 బార్ ఒత్తిడి పెంచుతుంది. ఇంజిన్ కంపెనీ చెప్పిన హద్దు దాటితే మధ్యలో హీట్ ఎక్స్‌ఛేంజర్ లాంటి ఏర్పాటు తప్పదు. పైపుల పొడవు, వంపులు ఎక్కువైతే అదనపు పంపు కావాలి.

ఎక్స్‌పాన్షన్ ట్యాంకును అన్నిటికన్నా ఎత్తులో పెట్టించండి. అప్పుడే పైపుల్లో చిక్కిన గాలి బయటికి పోతుంది. ఇంజిన్ అదురుకు పైపులు పగలకుండా అవి ఇంజిన్‌కు కలిసే చోట ఫ్లెక్సిబుల్ గొట్టాలు బిగించాలి. రేడియేటర్ ఫ్యాన్ మోటారుకు కరెంటు ఆ జనరేటర్ నుంచే అందాలి.

మన ఎండలకు 50 డిగ్రీల వేడి గాలిలోనూ పనిచేసే రేడియేటర్ తీసుకోండి. గది కిటికీలు మాత్రం మూయకండి. రేడియేటర్ పైకి వెళ్లినా ఇంజిన్, ఆల్టర్నేటర్ల సెగ గదిలోనే ఉంటుంది.