నాకు నచ్చిన చలనచిత్రము

"మీకు నచ్చిన చలనచిత్రమేది?" అని యడిగినచో బదులు చెప్పని బాలుడుండడు. "అది యేల నచ్చినది?" అని మరల నడిగినచో వెంటనే చెప్పగలవారు కొందరే. బాలబాలికలారా! ఈ రెండవ ప్రశ్నను గూర్చియే నేడు ముచ్చటింతము.

చలనచిత్రమున నిజముగా చలించు బొమ్మ యొక్కటియు లేదు. సెకనునకు 24 నిశ్చల చిత్రములు ఒకదానివెంట నొకటి తెరపై పడుచుండగా, మన కన్నులును మెదడును వానిని కలిపి చలనముగా గ్రహించుచున్నవి. 1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున ల్యూమియేర్ సోదరులు రుసుము గైకొని ప్రజలకు ఈ వింతను చూపిరి. మరుసటి యేడు జూలై 7వ తేదీన అది బొంబాయికి వచ్చెను. 1913లో దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' మూకచిత్రమును ప్రదర్శించెను. 1932లో తెలుగు మాటల చిత్రమైన 'భక్త ప్రహ్లాద' విడుదలయ్యెను.

నా బాల్యమున మా గ్రామమునకు టూరింగు టాకీసు వచ్చెడిది. డేరాలో నేలపై కూర్చుండి 1957 నాటి 'మాయాబజార్' చిత్రమును చూచితిని. ఘటోత్కచుని వేషమున ఎస్.వి. రంగారావు పెండ్లివిందు నారగించు ఘట్టమే నాకప్పుడు చిత్రమంతయు! పెద్దవాడనై మరల చూచినపుడు వేరొక విశేషము తోచెను. అది భారతవీరులకు సంబంధించిన కథ. కాని పాండవులలో నొక్కడైనను అందు కానరాడు. రాజ్యము పోగానే బంధువుల మనస్సులెట్లు మారునో ఇతరుల మాటలవలననే తెలియజేసిన దర్శకుడు కె.వి. రెడ్డి నేర్పు అప్పుడు బోధపడెను. చిత్రము మారలేదు, చూచు నేను మారితిని. అభిరుచి యిట్లే పెరుగును.

ఐనను చలనచిత్రము వట్టి వినోదమే యని చిరకాలము తలచితిని. నేను ప్రధానోపాధ్యాయుడనుగా నున్న దినములలో, ఒక సోమవారమున ఒక విద్యార్థి ఇంటిపని చేయక వచ్చెను. ముందటి దినమున టెలివిజనులో 'మాలపిల్ల' చూచుచుంటినని చెప్పెను. "సినిమాలు నీకు అన్నము పెట్టునా?" అని గద్దించితిని. వాడు తల వంచుకొని, "మాస్టారూ, మా తాతను గుడి మెట్లెక్కనీయలేదని మా నాయనమ్మ ఎప్పుడూ చెప్పేది. ఆ సినిమా చూస్తూ ఏడ్చింది. ఆమె పక్కనుంచి లేవలేకపోయాను" అనెను.

నాకు మాట రాలేదు. మరునాడు ఆ కథను తరగతిలో చెప్పుమంటిని. వాడు చెప్పెను, బాలురందరు నిశ్శబ్దముగా వినిరి. ఆ దినమున పాఠము నేర్చినవారిలో నేనొకడను.

'మాలపిల్ల'ను గూడవల్లి రామబ్రహ్మము 1938లో నిర్మించి దర్శకత్వము వహించెను. చలము కథ నందించెను. తాపీ ధర్మారావు సంభాషణలు వ్రాసెను. బ్రాహ్మణ యువకుడు హరిజన కన్యను ప్రేమించుటయు, హరిజనుల దేవాలయ ప్రవేశమును అందలి విషయములు. అస్పృశ్యతను నిషేధించిన మన రాజ్యాంగము అమలునకు వచ్చినది 1950లో. అనగా పండ్రెండేండ్లకు పూర్వమే ఆ చిత్రము ప్రేక్షకులయెదుట ఈ ప్రశ్నను నిలిపినది. చలనచిత్రము శాసనము చేయజాలదు. కాని చదువురాని వానికిని ఇతరుని దుఃఖమును కన్నులకు గట్టి చూపగలదు.

ఇంతటి శక్తి గలది కనుకనే అపాయమును గలదు. హింసను శౌర్యమనియు, ఆడపిల్లను వెంబడించి వేధించుటను ప్రేమయనియు చూపు చిత్రములును కలవు. పాట బాగున్నదనియో, మన అభిమాన నటుడున్నాడనియో వానిని మెచ్చుకొనరాదు. ఇంటికి వచ్చిన పిదప మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఇందు ఎవరి కష్టము నాకు తెలిసినది? ఎవరిని చూచి నవ్వితిని? ఆ నవ్వు న్యాయమైనదేనా?

లోకము భిన్నరుచి గలది. నాకు నేటికిని 'మాయాబజార్' ప్రియము. మీకు వేరొకటి కావచ్చును. అందులకు కలహింప బనిలేదు. ఏల నచ్చినదో మాత్రము చెప్పుడు. ఎదుటివాడు చెప్పునది కూడ ఓపికతో వినుడు. నేను ఒక బాలుని మాట వినక ముందే గద్దించితిని. మీరట్లు చేయకుడు.