నాలుగు అరచేతుల పట్టు

చిరంజీవికి, మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నుండి నీ పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

డులూత్ నగరమున పాత కారొకటి కొంటివనియు, మంచు పడకమునుపే దాని ముందు చక్రములకు మాత్రము రెండు వింటర్ టైర్లు వేయించ సంకల్పించితివనియు, ఇంజను ముందు చక్రములనే త్రిప్పును గనుక వెనుకవానికి పాతవే చాలునని అంగడిలో చెప్పిరనియు వ్రాసితివి. ఆ మాట చదివినది మొదలు నా మనస్సు నిలువలేదు. నాయనా, తక్కినదంతయు పిమ్మట చెప్పుదును; ముందు ఇది వినుము. వేయించినచో నాలుగును వేయించుము.

1991వ సంవత్సరమున అక్టోబరు 31వ తేదీన మొదలైన హిమపాతము నాలుగవ నాటికి గాని విడువలేదు. మీ డులూత్‌లో 36.9 అంగుళములు, ఇక్కడ సెయింట్ పాల్ జంటనగరములలో 28 అంగుళములకు పైగా మంచు పడెను. అది ముగిసిన వారమున నేనును తొందరపడి, నీకు చెప్పినట్టి సలహానే విని, రెండు టైర్లు కొని ముందు చక్రములకు బిగింపించితిని. కొన్నాళ్లకు ఒక వంపులో, వేగము కొంచెము హెచ్చైనదని తోచి, ఆక్సిలరేటరు మీదినుండి పాదము తీసితిని, అంతే. ముందు చక్రములు నేలను చక్కగా పట్టుకొని నిలిచినవి, వెనుకభాగము మాత్రము ఎవరో త్రోసినట్లు ప్రక్కకు తిరిగిపోయి, మేము వచ్చిన దిక్కునకే ముఖము పెట్టి బండి ఆగెను. ఎదుట ఏ వాహనమును రాకుండుట మా అదృష్టము. ప్రక్కన కూర్చున్న మీ పెద్దమ్మ చాలసేపు మాటాడలేదు. వేగము తగ్గునప్పుడు బండి బరువు ముందునకు ఒరగి వెనుక తేలికయగును. ఆ తేలికయైన చోటనే పట్టులేని టైర్లుంచినచో, ముందు టైర్ల మేలిమియే మనకు శత్రువగును. నాలుగును చెడ్డవైనచో బండి మొండికేసియైన నీకు ముందుగా తెలుపును. రెండు మంచివి, రెండు చెడ్డవియైనచో ఆ హెచ్చరికయు నుండదు.

ఒక్కొక్క టైరు నేలకు ఆనుచోటు ఇంచుమించు నీ అరచేయియంత మాత్రమే. టన్నున్నర బరువుగల బండి, అందులోని ప్రాణములు, ఈ నాలుగు అరచేతుల మీదనే నిలిచియున్నవి. రబ్బరు మనకు మెత్తని పదార్థముగా తోచును గాని, చలికి బిగుసుకొనుట దాని స్వభావము. ఉష్ణము సుమారు 7 డిగ్రీల సెల్సియసునకు దిగినది మొదలు వేసవి టైరు క్రమక్రమముగా గట్టిపడుచు పట్టు కోల్పోవును. ఆల్ సీజన్ టైరు పేరునకు సర్వర్తువులదే యైనను, ఈ ప్రాంతపు జనవరి మాసమును తలచుకొని చేసినది కాదు. వింటర్ టైరులోని రబ్బరు, సిలికా మున్నగు ద్రవ్యముల చేరికచే, అంతటి శీతమునందును సాగుగుణమును విడువదు; పైగా దాని మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు వందలకొలది యుండి, చక్రము నేలకు ఆనినప్పుడెల్ల విచ్చుకొని తమ అంచులతో మంచును కరచును. మన కోనసీమ బురదలో బండిచక్రమునకు మట్టి అంటుకొన్నకొలది జారుట హెచ్చును గదా. ఇక్కడ దానికి విపర్యయము. టైరు గాళ్లలో మంచు కూరుకొని నిలిచినచో నేలమీది మంచును అదియే పట్టుకొనును, ఏలయన మంచునకు మంచే బాగుగా అతుకును. గాళ్లు లోతుగా నుండవలెననుట అందుకే. లోతు 5 మిల్లీమీటర్లకు తగ్గిన టైరును, చట్టము ఒప్పుకొన్నను, మంచులో నమ్మకుము. ఫిన్లండు దేశమున నోకియన్ సంస్థకు పూర్వజమైన కర్మాగారము 1934లోనే లారీలకై ఇట్టి టైరును నిర్మించినదన్నచో, ఇది నిన్నమొన్నటి వ్యాపారపు మాట కాదని నీకు తెలియగలదు.

కొనునప్పుడు టైరు ప్రక్కభాగమున మూడు శిఖరముల పర్వతము, దాని నడుమ హిమపుష్పము గల ముద్రకై వెదకుము. ఎం, ఎస్ అను అక్షరములు మాత్రమే యున్నచో అవి గాళ్ల రూపును తెలుపునే గాని మంచుమీది పరీక్షకు సాక్ష్యములు కావు. మేకుల టైర్లు మిన్నెసోటాలో మనవంటి నివాసులకు నిషిద్ధములు. రోడ్డును అవి గీచి పాడుచేయును. జపానులో ఆ మేకులు లేపిన ధూళి ప్రజల ఊపిరికే ముప్పు కాగా, 1990లో వానిని అరికట్టుటకు చట్టము చేసిరి.

టైర్లలో గాలి కొంత తీసివేసినచో పట్టు హెచ్చునని నీ మిత్రులెవరైన చెప్పవచ్చును. రోడ్డుమీద అది చేయకుము. చలికే గాలి తగ్గును: ఉష్ణము 10 డిగ్రీల ఫారెన్‌హీటు పడినప్పుడెల్ల చదరపు అంగుళమునకు సుమారొక పౌను. కావున నెలకొకమారైన, బండి నడుపకముందు, చల్లని టైరునందే కొలిచి, తలుపు అంచున వ్రాసియున్న అంకెకు సరిచేయుము. ఆల్ వీల్ డ్రైవు గల బండివారిని చూచి అసూయపడకుము. అది కదలుటకు సాయపడునే గాని ఆగుటకు గాదు.

ఇక గడ్డకట్టిన మంచుపలక సంగతి వేరు. దానిమీద ఉత్తమమైన టైరుకును పట్టు స్వల్పమే. నేను లెక్కకట్టి చూచితిని: గంటకు 30 మైళ్ల వేగమున పోవు బండి, బ్రేకు పట్టినది మొదలు, పొడి రోడ్డుమీద సుమారు 13 మీటర్లలో ఆగునదైనచో, అణగిన మంచుమీద 45, మంచుపలకమీద 90 మీటర్లు జారును. మిక్కిలి చలిదినముకన్న, సున్న డిగ్రీల దాపున కరగుచు గడ్డకట్టుచునుండు దినమే అపాయకరము; పైని సన్నని నీటిపొర నిలుచుటయే హేతువు. వంతెనలకు క్రిందినుండియు గాలి తగులును గనుక అవి రోడ్డుకన్న ముందు గడ్డకట్టును. నల్లని తారువలె కనబడు ఆ పలకనే ఇక్కడివారు బ్లాక్ ఐస్ అందురు.

టైరునకుగల పట్టు ఒక్కటే. దానినే తిరుగుటకును ఆగుటకును పంచుకొనవలెను. కావున వంపునకు ముందే, చక్రములు తిన్నగా నున్నప్పుడే వేగము తగ్గించి, పిమ్మట మెల్లగా తిప్పుము. నేను కారు నేర్చిన కాలమున బ్రేకును త్రొక్కుచు విడుచుచు నుండుమనెడివారు. నీ బండికి చక్రములు బిగుసుకొనకుండ చూచు ఏబీఎస్ కలదు గనుక గట్టిగా త్రొక్కి పట్టియుంచుము, పాదము క్రింద పెడల్ అదరినను విడువకుము. దక్షిణమునుండి డులూత్‌నకు వచ్చునప్పుడు థామ్సన్ హిల్ కొండ దిగకమునుపే నెమ్మదించుము. మీ ఊరిలో అవెన్యూలు కొండనెక్కును, స్ట్రీట్లు సరస్సునకు సమాంతరముగా సాగును. మంచునాడు దూరమైనను స్ట్రీట్ల వెంబడి పోయి, ఇసుక చల్లిన అవెన్యూ చూచుకొని యెక్కుము.

డిక్కీలో పారయొకటి, ఇసుక మూటయొకటి ఉంచుకొనుము. మన ఊళ్లో బండి దిగబడినచో చక్రము క్రింద కొబ్బరిమట్టలు వేయుట చూచితివి గదా. ఇక్కడ ఆ పని ఇసుక చేయును. చక్రమును గిరగిర త్రిప్పినచో క్రింది మంచు నునుపెక్కునే గాని బండి కదలదు. మంచులో చిక్కుకొని, వెచ్చదనమునకై ఇంజను నడుపుచు లోపల కూర్చుండవలసి వచ్చినచో, ముందుగా దిగి పొగగొట్టము చుట్టునున్న మంచు తీయుము. అది మూసికొనినచో విషవాయువు లోపలికి వచ్చును. ఈ ఒక్కటి యెన్నడును మరువకుము.

నీ టైరు ప్రక్కనున్న కొలత అంకెలను ఈ వారములోనే నాకు పంపుము. మిగిలిన రెండింటి వెల నేనిచ్చుచున్నాను. దానిని అప్పుగా తలపవద్దు. పాతవి ఎవరైన చౌకగా ఇచ్చెదమన్నచో డాట్ ముద్ర చివరి నాలుగంకెలు చూచుకొనుము. మొదటి రెండు అది తయారైన వారమును, తక్కిన రెండు సంవత్సరమును చెప్పును. వచ్చు శనివారము ఆకాశము నిర్మలముగా నున్నచో పగటి వెలుతురుననే బయలుదేరి రమ్ము. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి చేసియుంచినది.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న