తన్నెరిగినవాని వ్యాపారము

హోసూరునకు దక్షిణముగా, తళి ప్రాంతమున, అడవి అంచున జవళగిరి యను గ్రామము కలదు. తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చు సీమ యది. రాగిపైరు కంకి వేసి పండు దినములలో బన్నేరుఘట్ట వైపునుండి ఏనుగుల మందలు ఈ అడవులలోనికి దిగును. అప్పుడు రైతులు రాత్రులందు మంచెలపై కూర్చుండి పైరు కాచుకొందురు.

అట్టి మంచె నొకదానిని ఊహించవచ్చును. చీకటిలో ఒక కొమ్మ విరిగిన చప్పుడగును. కొత్తగా కావలికి వచ్చిన కుర్రవాడు ఉలికిపడి టపాకాయ వెలిగింపబోవును. ప్రక్కనున్న ముసలి రైతు అతని చేయి పట్టి, “గాలికి విరిగిందిలే, కూర్చోరా” అనును. మరికొంత సేపటికి ఏ చప్పుడును లేకుండగనే ఆ ముసలివాడు లేచి నిలుచుండును. అంతవరకు అరచుచున్న కీచురాళ్లు ఒకవైపున ఒక్కసారిగా ఊరకుండినవి. ఆ సంగతిని అతడు ఆలోచించి తెలిసికొనలేదు. నలుబది సంవత్సరముల కావలి అతని చెవికి నేర్పినది.

అదే రైతు పొలము తాకట్టు పెట్టి హోసూరు బజారులో బట్టల అంగడి తెరచెననుకొన్నచో, అతని చెవి అచ్చట పనిచేయునా? ఏ గిరాకి కొనును, ఏ గిరాకి బేరమాడి పోవును, ఏ సరకు పెట్టెలోనే పాతబడును అను విషయములలో అతడును మంచెపైని కుర్రవానివంటి వాడే యగును. వ్యాపారమున మనసునకు తోచినదానిని నమ్మవచ్చునా యను ప్రశ్నకు ఈ మంచె కథలోనే సగము సమాధానము కలదు. మిగిలిన సగము తన్ను తానెరుగుటలో నున్నది.

స్ఫురణ యనగానేమి?

మనసునకు చటుక్కున తోచు మాటను దైవవాణి యనువారు కలరు. వట్టి భ్రమ యని కొట్టివేయువారును కలరు. రెండును సరికావు. 1978లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన హెర్బర్ట్ సైమన్, చదరంగమాడు నిపుణులను పరిశీలించి, స్ఫురణ యనునది మునుపెరిగినదానిని గుర్తుపట్టుటయే యని తేల్చెను. నిపుణుడు వేలకొలది ఆటలు చూచియుండుటచే బల్లను చూచినంతనే ఎత్తు తోచును. క్రొత్తవానికిని ఏదియో తోచును గాని అది నమ్మదగినది కాదు.

స్ఫురణను నమ్మిన గేరీ క్లైన్, దానిని సందేహించిన డేనియల్ కానెమన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చిరకాలము చర్చించి, 2009లో కలిసి ఒక వ్యాసము ప్రకటించిరి. వారు అంగీకరించిన షరతులు రెండు. ఆ పనిలో ఒక క్రమము ఉండవలెను. ఆ క్రమమును నేర్చుకొనుటకు, తప్పొప్పులు వెంటనే తెలిసికొనుటకు మనుష్యునకు తగిన అవకాశము కలిగియుండవలెను. ఈ రెండును లేనిచోట ఎంత గట్టిగా తోచినను అది ప్రమాణము కాదు. గట్టిగా తోచుట వేరు, సరిగా తోచుట వేరు.

వాల్చంద్ హీరాచంద్ జీవితము

ఈ విషయమునకు వాల్చంద్ హీరాచంద్ జీవితము చక్కని పాఠము. ఆయన 1882లో షోలాపురమున ఒక దిగంబర జైన కుటుంబమున జన్మించెను. వడ్డీ వ్యాపారము, ప్రత్తి వ్యాపారము వంశపారంపర్యముగా వచ్చినవి. అందు ప్రవేశించిన కొలది కాలమునకే ఆ పని తన స్వభావమునకు సరిపడదని ఆయన గ్రహించెను. తండ్రి గద్దెపై కూర్చుండి సుఖముగా కాలము గడుపగల యువకునకు ఈ మాట తనకు తాను చెప్పుకొనుట సులభము కాదు. ఆయన మనసు పెద్ద కట్టడముల మీద, మనుష్యులను కూర్చి పని నడపుటమీద నుండెను. కాని కాంట్రాక్టుల లోగుట్టు ఆయనకు తెలియదు. కావున రైల్వేలో గుమాస్తాగా పనిచేసిన లక్ష్మణరావు బల్వంత్ ఫాటక్‌తో భాగస్వామ్యము కుదుర్చుకొని రైల్వే పనులలో దిగెను. తనకున్నదేదో ఎరుగుటతో ఆయన ఆగలేదు. తనకు లేనిదేదో ఎరిగి, అది యున్నవానిని వెదకెను.

మొదటి మహాయుద్ధము ముగియగనే ఆయన దృష్టి ఓడల మీదికి మరలెను. గ్వాలియరు మహారాజు యుద్ధకాలమున ఆసుపత్రి ఓడగా నడిపిన ‘లాయల్టీ’ అమ్మకమునకు వచ్చెను. నరోత్తమ్ మొరార్జీ మొదలగు మిత్రులతో కలసి ఆయన దానిని కొని, 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీని స్థాపించెను. ఆ ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుండి లండనునకు బయలుదేరెను. 1964 నుండి ఏప్రిల్ 5 జాతీయ నౌకాదినముగా జరుపబడుచున్నది.

చాలమంది ఈ కథను ఇచ్చటనే ఆపుదురు. పాఠము దీని తరువాతనే యున్నది. ‘లాయల్టీ’ ముప్పది యేండ్లకు సమీపించిన ముసలి ఓడ. అది లాభసాటిగా నడువలేదు. 1921లోనే దానిని నిలిపివేసిరి. 1923లో పాత ఇనుముగా అమ్మివేసిరి. బలవంతులైన ఆంగ్ల కంపెనీల పోటీకి తాళలేక, ఆ 1923లోనే సింధియా కంపెనీ వారితో ఒడంబడిక చేసికొని తీరపు రవాణాతో తృప్తిపడవలసి వచ్చెను. అనగా, ఈ దేశమునకు సొంత నౌకలు కావలెనన్న ఆయన స్ఫురణ సరియైనది. ఆ స్ఫురణ వేడిలో కొన్న ఓడ సరియైనది కాదు. ఆయన ఓడను వదలెను గాని సంకల్పమును వదలలేదు. దేనిని వదలవలెనో, దేనిని పట్టుకొనవలెనో తెలిసినందువలననే కంపెనీ నిలిచెను.

1939లో మోటారు కార్ల కర్మాగారపు ప్రయత్నముమీద ఆయన అమెరికా వెళ్లెను. ఆ ప్రయాణమున విలియం పాలీ యను విమాన వ్యాపారి తారసపడెను. ఆ పరిచయము ఫలించి 1940 డిసెంబరులో, మైసూరు సంస్థానపు సహాయముతో, బెంగుళూరులో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీ వెలసెను. 1942లో ప్రభుత్వము దానిని తీసికొనెను. కార్ల కర్మాగారము మాత్రము 1944 వరకు ఆగవలసి వచ్చెను. అదియే ప్రీమియర్ ఆటోమొబైల్స్.

తెలుగు గడ్డపైనను ఆయన చేయి పడినది. 1941 జూన్ 21న విశాఖపట్టణమున సింధియా నౌకానిర్మాణ కేంద్రమునకు బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసెను. మరుసటి సంవత్సరము ఏప్రిల్‌లో ఆ పట్టణముపై జపానువారి బాంబులు పడెను. అయినను పని పూర్తిగా ఆగిపోలేదు. 1948 మార్చి 14న ‘జల ఉష’ యను ఓడను పండిత నెహ్రూ జలప్రవేశము చేయించెను. వాల్చంద్ 1953లో మరణించెను. ఆ కేంద్రమే కాలక్రమమున ప్రభుత్వపరమై హిందూస్థాన్ షిప్‌యార్డు అయినది.

స్ఫురణ వేషమున వచ్చువారు

లోపలనుండి వచ్చు మాట లన్నియు స్ఫురణలు కావు. భయము, ఈర్ష్య, అహంకారము అను మువ్వురును అదే గొంతుతో పలుకుదురు. “ఈ అవకాశము నేడు పోయినచో మరల రాదు” అని తొందరపెట్టునది తరచు భయము. “ఎదురింటివాడు మేడ కట్టెను, నేనేమి తక్కువ?” అనునది ఈర్ష్య. “లెక్కలు అడుగువాడు పిరికివాడు” అనునది అహంకారము.

వీరిని గుర్తించుటకొక ఉపాయము కలదు. నిజమైన స్ఫురణ ఒక వస్తువును చూపును: ఈ యంత్రపు చప్పుడు సరిగా లేదు, ఈ గిరాకి మరల వచ్చును, ఈ వీథిలో ఈ సరకు దొరకుట లేదు. ఆ మువ్వురు మాత్రము వస్తువును చూపరు. నలుగురి కన్నులలో తాను ఎట్లు కనబడునో అదియే చూపుదురు. తన స్వభావమున ఈ మువ్వురిలో ఎవరి గొంతు పెద్దదో తెలిసికొన్నవాడు సగము నష్టమును ముందే తప్పించుకొనును.

జవళగిరి యువకులిద్దరు

ఈ పాఠమును జవళగిరికే అన్వయించి, అచ్చట ఇద్దరు యువకులను ఊహించవచ్చును.

మొదటివాడు హోసూరు ప్రాంతపు గులాబీ షెడ్లను చూచెను. ఫిబ్రవరి మాసమున ప్రేమికుల దినమునకు గులాబీలు విదేశములకు పోవునని, ధర బాగుగా పలుకునని వినెను. తండ్రి రెండెకరములు తాకట్టు పెట్టి, తల్లి మెడలోని గొలుసు అమ్మి తానును షెడ్డు వేయవలెనని అతనికి తోచెను. కాని ముహూర్తములు లేని ఆషాఢమున పూలధర ఎట్లుండునో, కోసిన పువ్వు ఎన్ని గంటలు ఆగునో అతడెరుగడు. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు, కొనువారు లేక హోసూరు రైతులు పూలను పారబోసికొనిరి. గులాబీ చెడ్డ పంట కాదు. ఎందరో దానిని నమ్మి బ్రదుకుచున్నారు. కాని వారి చెవి వేరు, ఇతని చెవి వేరు. ఒక సంవత్సరము వేరొకరి షెడ్డులో కూలికి పనిచేసియున్నచో ఇతనికిని ఆ చెవి కొంత వచ్చియుండును.

రెండవవాడు హోసూరులో పంపుసెట్టు మోటార్లకు తీగ చుట్టు దుకాణమున నాలుగేండ్లు పనిచేసెను. జవళగిరి చుట్టుప్రక్కల రైతులు కాలిపోయిన మోటారును హోసూరు చేర్చి తిరిగి తెచ్చుకొనునప్పటికి టమాటా మడులు వాడిపోవుచున్నవని గమనించెను. ఊరిలోనే దుకాణము పెట్టిన బాగుండునని అతనికి తోచెను. ఇది వస్తువును చూపిన స్ఫురణ. అయినను అతడు ఉద్యోగము మానలేదు. దాచుకొన్న ఇరువదివేల రూపాయలు మాత్రమే పెట్టవలెనని, అవి పోయినచో అంతటితో ఆపవలెనని ముందే నిశ్చయించుకొని, ఆదివారములందు పని మొదలుపెట్టెను.

ఆరు నెలలలో అతనికి రెండు సంగతులు తెలిసెను. పని యున్నది, డబ్బు లేదు. రైతులు “పంట అమ్మినాక ఇస్తాంలే తమ్ముడూ” అనినచో అతడు నోరు విప్పి అడుగలేడు. మోటారు చప్పుడు విని రోగము చెప్పగలవాడు, మనిషి ముఖము చూచి బాకీ అడుగలేకపోయెను. ఒకనాటి రాత్రి ఈ మాట అక్కతో చెప్పెను. “పని నువ్వు చూడు, చిట్టా నాకియ్యి. నన్ను చూసి మొహమాటపడేది వాళ్లే” అని ఆమె నవ్వెను. నాటినుండి పద్దుపుస్తకము ఆమె చేతిలోనికి పోయెను, దుకాణము నిలిచెను. వాల్చందునకు ఫాటక్ ఎట్టివాడో ఇతనికి అక్క అట్టిది.

వర్జీనియా విశ్వవిద్యాలయ ఆచార్యురాలు సరస్ సరస్వతి, అనుభవజ్ఞులైన 27 మంది పారిశ్రామికులు ఆలోచించు రీతిని పరిశీలించి, 2001లో తన సిద్ధాంతమును ప్రకటించెను. వారు మొదట అడిగికొను ప్రశ్నలు మూడు: నేనెవరిని? నాకేమి తెలియును? నేనెవరి నెరుగుదును? లాభమెంత వచ్చునని కాక, నష్టమెంతవరకు భరింపగలనని వారు ముందుగా చూచుకొందురు. జవళగిరి యువకుని ఇరువదివేల రూపాయల హద్దు ఇదియే. పరిగ్రహ పరిమాణ వ్రతమున గృహస్థుడు తన ఆస్తికి ముందే హద్దు గీచుకొనును. ఆశ రేగిన తరువాత గీచిన గీత నిలువదని పెద్ద లెరిగిన సంగతియే. నష్టమునకు గీచు గీతయు అట్టిదే.

నిత్యాభ్యాసము

తన్నెరుగుట ఒకనాటి పని కాదు. గడచిన దినమును వెనుదిరిగి చూచుకొని తప్పు నొప్పుకొనుట, ప్రతిక్రమణ మెరిగిన ఇండ్లకు క్రొత్త కాదు. ఆ చూపునే చిట్టాపైకి మరల్పవలెను.

ఒక చిన్న పుస్తకమున రెండు వరుసలు గీయవలెను. మొదటి వరుసలో, ఏదైన గట్టిగా తోచిన దినముననే, తేదీతో దానిని వ్రాయవలెను: “ఈ బేరగాడు బాకీ తీర్చడు”, “ఈ సరకు దీపావళికి ముందే చెల్లిపోవును.” మూడు మాసముల తరువాత రెండవ వరుసలో జరిగినది వ్రాయవలెను. ముందు వ్రాయుట ముఖ్యము. ఏలయన, జరిగిన తరువాత “నేనప్పుడే అనుకొంటిని” అని మనసు అబద్ధమాడును. సంవత్సరము తిరుగునప్పటికి సరకుల విషయమున తన చెవి మంచిదని, మనుష్యుల విషయమున చెడ్డదని, లేదా అందుకు విరుద్ధమని తెలియును. ఎచ్చట మంచిదో అచ్చట నమ్మవలెను. ఎచ్చట కాదో అచ్చట మరియొకరి చెవి నాశ్రయించవలెను.

మననము చేయదగిన ప్రశ్నలు

1. తలపెట్టిన వ్యాపారమున తాను స్వయముగా ఎన్నాళ్లు పనిచేసియున్నాడు?

2. లోపలి మాట వస్తువును చూపుచున్నదా, నలుగురి కన్నులను చూపుచున్నదా?

3. ఎంత పోయినను ఇంటిలో పొయ్యి వెలుగును? ఆ మొత్తమును కాగితముపై వ్రాసి ఇంటివారికి చూపెనా?

4. తనకు చేతకాని పని యేది? అది చేయగలవారు ఇంటిలోగాని ఊరిలోగాని ఎవరు?

5. ‘లాయల్టీ’ ఓడవలె, సంకల్పము నిలుపుకొనుటకై నేడు వదలవలసిన దేది?

ఈ అయిదింటికి నిజముగా సమాధానము వ్రాయగలవాడు తొందరపడి టపాకాయ వెలిగింపడు. కీచురాళ్లు ఊరకుండిన క్షణమున కూర్చుండిపోడు.