మేకప్ పని: సొంతంగా మొదలుపెట్టటం ఎలా?

పోయిన సంచికలో నర్సింగ్ గురించి రాశారు. ఈసారి నేను మేకప్ పని గురించి రాస్తున్నాను. నవ్వకండి, ఇది కూడా పనే.

పార్లర్లో నెల జీతానికి చేయటం ఒక పద్ధతి. పిలిచిన పెళ్ళికో, నాటకానికో పెట్టె పట్టుకుని మనమే వెళ్ళటం ఇంకో పద్ధతి. దీన్ని ఫ్రీలాన్స్ అంటారు. నేను చెప్పేది దీని గురించే.

ముందు రంగు సంగతి. మేకప్ అంటే తెల్లగా చెయ్యటం అని చాలామంది అనుకుంటారు. అది తప్పు. మనలాంటి నల్లని, చామనఛాయ ముఖానికి తెల్ల ఫౌండేషన్ పూస్తే బూడిద రాసినట్టుంటుంది, మెడ వేరే మనిషిదిలా కనబడుతుంది. దవడ దగ్గర కొంచెం రాసి పగటి వెలుతురులో చూడాలి. చర్మంలో కలిసిపోతే అదే మన షేడ్. ట్యూబులైటు కింద చూస్తే మోసపోతాం. వారంలో తెల్లబడతారని అమ్మే ఊరూపేరూ లేని క్రీములు అసలు కొనొద్దు. కొన్నింటిలో పాదరసం ఉంటుంది, అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. డబ్బా మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవాలి. కొత్త సరుకైతే ముందురోజే మోచేతి లోపలివైపు రాసి చూడాలి. దురద, ఎరుపు వస్తే వాడకూడదు.

రెండోది శుభ్రం. ఒకే కాటుక పెన్సిలు పదిమందికి పెడితే కళ్ళకలక అందరికీ అంటుకుంటుంది. (మన డార్మెటరీలో కూడా ఇది గమనించాలి!) లిప్‌స్టిక్‌ను నేరుగా పెదవికి రుద్దకుండా పుల్లతో గీకి, బ్రష్‌తో వెయ్యాలి. బ్రష్‌లను షాంపూతో కడిగి ఆరబెట్టాలి.

ఇప్పుడు లెక్క. పెట్టె సామాన్లకు 6,000 రూపాయలు అయ్యాయి అనుకుందాం. పెళ్ళికి 1,500 ఇస్తారు. బస్సుకు 200, ఖర్చయ్యే సామానుకు 300 పోతే 1,000 మిగులుతుంది. ఆరు పెళ్ళిళ్ళు చేస్తే పెట్టె డబ్బు వస్తుంది, ఏడో పెళ్ళి నుంచే లాభం. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ముందే దాచుకోవాలి. అడ్వాన్సు తీసుకోకుండా తారీకు ఒప్పుకోవద్దు. తెల్లవారుజాము ముహూర్తమైతే రాత్రే చేరుకోవాలి, ఆడపిల్లకు పడుకోవటానికి చోటు ఉందా అని ముందే అడగటం తప్పేమీ కాదు.

సినిమాల్లో అయితే చాలా ఏళ్ళు ఆడవాళ్ళకు మేకప్ కార్డు ఇవ్వలేదు. జుట్టు దువ్వే పని మాత్రమే ఇచ్చారు. మగవాళ్ళ పొట్ట కొట్టినట్టవుతుందని ముంబయి సంఘం వాదన. చారు ఖురానా అనే ఆమె, ఇంకొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 నవంబర్ 10న ఆ నిబంధన చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. అంటే నేను పుట్టాక కూడా ఈ అడ్డు ఉందన్నమాట!

పది పాసైతే ఐటీఐలో కాస్మెటాలజీ అని ఏడాది కోర్సు ఉంది. నేను దానికే దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాను. హాస్టల్ ఉన్న ఏ ఐటీఐలో ఈ ట్రేడ్ ఉందో మేడం గారు కనుక్కుని నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాను.

– పదో తరగతి విద్యార్థిని