పచ్చిక బయళ్లలో కలుపు మందులను తట్టుకునే మొక్కలు – వాటి పోటీ సామర్థ్యం

న్యూజిలాండ్ పాడి క్షేత్రాలలో జెయింట్ బటర్‌కప్ (రానన్‌క్యులస్ ఆక్రిస్) ప్రధానమైన కలుపు మొక్క. యూరప్ నుండి ప్రవేశించిన ఈ బహువార్షిక మొక్క పసుపు పచ్చని పూలు పూస్తుంది. దీని పచ్చి ఆకులను నమిలినప్పుడు వెలువడే ప్రోటోఅనిమోనిన్ అనే ఘాటైన పదార్థం నోటిని మండిస్తుంది. అందువలన పశువులు చుట్టూ ఉన్న గడ్డిని మేసి దీనిని వదలివేస్తాయి. మేత ఒత్తిడి గడ్డిపైనే పడటం వలన పోటీలో కలుపుదే పైచేయి అవుతుంది.

నిరోధకత ఏర్పడే విధానం

వెడల్పాటి ఆకుల కలుపును చంపి గడ్డి జాతులకు హాని చేయని ఎం.సి.పి.ఎ. మందును అక్కడ దీర్ఘకాలం వాడారు. మందు నిరోధకతను సృష్టించదు. సహజంగా అరుదుగా ఉన్న నిరోధక మొక్కలు బ్రతికి విత్తనం కడతాయి, మిగిలినవి చనిపోతాయి. పిచికారీ ఎక్కువసార్లు జరిగిన క్షేత్రాలలో నిరోధకత ఎక్కువగా కనబడటానికి ఇదే కారణం.

మందు ఆపితే ఏమవుతుంది?

మందు లేనప్పుడు నిరోధక మొక్క మిగిలిన వాటితో సమానంగా పోటీ పడగలదా అన్నది కీలకమైన ప్రశ్న. బటర్‌కప్‌పై 1996లో ప్రచురితమైన పరిశోధనలో, ఎం.సి.పి.ఎ. వాడకం ఆపిన తరువాత నిరోధకత తగ్గినట్లు తేలింది. అంటే నిరోధకతకు ఆ మొక్క కొంత మూల్యం చెల్లిస్తున్నది. అయితే ఇది అన్ని మందులకూ వర్తించదు. ట్రయజిన్ మందులను తట్టుకునే మొక్కలలో కిరణజన్య సంయోగక్రియ సాధారణంగా మందగిస్తుంది. ఎ.ఎల్.ఎస్. ఎంజైమును అడ్డుకునే మందుల విషయంలో మాత్రం పలు సందర్భాలలో ఇటువంటి లోపం కనబడదు.

యాజమాన్యంలో గమనించవలసిన అంశాలు

• మందు ఆపడం నిరోధకతను తగ్గించవచ్చు గాని కలుపును తగ్గించదు. నేలలోని విత్తనాలలో నిరోధక రకాలు మిగిలే ఉంటాయి. అదే మందును మళ్లీ వాడితే అవే త్వరగా ప్రబలుతాయి.
• ఒకే విధంగా పనిచేసే మందులను వరుసగా వాడరాదు. పేరు మారినంత మాత్రాన పనిచేసే విధానం మారదు.
• పూత దశకు ముందే కోసి విత్తనం పడకుండా చూడాలి.
• అతిమేతను నివారించి గడ్డిని దట్టంగా ఉంచాలి. ఖాళీ నేలలోనే కలుపు మొలకలు స్థిరపడతాయి.

నిరోధక మొక్క పోటీలో బలహీనమైనదైతే, ఆ బలహీనత బయటపడేది దట్టమైన పచ్చికలోనే. కాబట్టి గడ్డి పోషణను కలుపు నివారణలో భాగంగానే పరిగణించాలి.