స్టెరాయిడ్ వాడు మధుమేహ రోగికి ఇంటి పరిచర్య

2021 వేసవిలో కరోనా రెండవసారి విజృంభించినప్పుడు మన గోదావరి జిల్లాల వారు నల్ల ఫంగస్ అను మాట విని భీతిల్లిరి. ప్రాణము నిలుపుటకిచ్చిన స్టెరాయిడ్ మందు, అదుపు తప్పిన మధుమేహము, ఈ రెండును కలిసినచోట ఆ వ్యాధి తలయెత్తినది. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో అట్టి రోగులకు చికిత్స జరిగినది. ఆ యేడు మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము దానిని ఆరోగ్యశ్రీలో చేర్చినది. ఆ ఉపద్రవము గడచినది. కాని ఉబ్బసమునకో, కీళ్లవాతమునకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసికొను మధుమేహ రోగులు నేటికిని మన ఇండ్లలో కలరు. మేము వైద్యులము కాము. అయినను పరిచర్య చేయువారు ఇంటివారే కనుక, తెలిసికొన్న సంగతులను విద్యార్థుల ముందుంచుచున్నాము.

1948లో అమెరికాలో హెంచ్ అను వైద్యుడు కీళ్లవాత రోగికి కార్టిసోన్ ఇచ్చి లేవదీసెను. 1950లో ఆ కృషికి నోబెల్ బహుమతి లభించినది. అట్టి మందే కాలేయము నుండి చక్కెర విడుదలను హెచ్చించును, ఇన్సులిన్ పనిని మందగింపజేయును.

ముఖ్యముగా గ్రహింపవలసిన దొకటి కలదు. ఉదయము వేసికొన్న ప్రెడ్నిసొలోన్ మధ్యాహ్నము మొదలు రాత్రి వరకు చక్కెరను పెంచును, తెల్లవారుసరికి దాని ప్రభావము తగ్గును. పరగడుపు పరీక్ష బాగున్నదని నిశ్చింతగా నుండరాదు. మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకు, రాత్రి భోజనమునకు ముందు పరీక్షించి, ఆ అంకెలను పుస్తకమున వ్రాసి వైద్యునికి చూపవలెను.

చక్కెర పెరిగినదని భయపడి మాత్రలను హఠాత్తుగా మానరాదు. దీర్ఘకాలము వాడినచో శరీరములోని అడ్రినల్ గ్రంథులు మందగించును. మందు ఒక్కసారిగా ఆగినచో రక్తపోటు పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. వైద్యుడే క్రమముగా తగ్గించును. అప్పుడు ఇన్సులిన్ మోతాదును కూడ ఆయన సలహాపై తగ్గింపవలసి రావచ్చును. లేనిచో చెమట, వణుకు పుట్టి చక్కెర పడిపోవును.

స్టెరాయిడ్ జ్వరమును, వాపును మరుగుపరచును. వరిచేలలో వట్టికాళ్లతో తిరుగువారి పాదములను ప్రతిరాత్రి కడిగి, తుడిచి, దీపపు వెలుతురున పరిశీలింపవలెను. ముఖము ఒకవైపు వాచినను, ముక్కునుండి నల్లని స్రావము వచ్చినను, చూపు మందగించినను ఆ దినమే ఆసుపత్రికి చేర్చవలెను.

రంజాన్ ఉపవాసము తలపెట్టినవారు ముందుగానే వైద్యుని సంప్రదింపవలెను. రోగికి సడలింపు మన ధర్మమున ఉన్నదే కదా!

మోకాళ్ల నొప్పికని చీటీ లేకుండ కొనితెచ్చు మాత్రలలోను స్టెరాయిడ్ ఉండవచ్చును. ఇంట పెద్దలు వేసికొను ప్రతి మాత్ర పేరును చదివి, చదువురాని వారికి చెప్పుటయే మన విద్యార్థులు చేయగల తొలి సేవ.