అన్నం మానేస్తే గుట్ట తగ్గదు

ప్రశ్న: పదిహేను వేలు ఎక్కువ పెడితే 2 కిలోలు తేలికైన సైకిలు వస్తుందంటున్నారు. ఎత్తు మీద తేడా తెలుస్తుందా?
– ఒక పాఠకుడు, జనగామ

జవాబు: వీపు మీది బ్యాగు, ఇనుప గొలుసు తాళం ఇంట్లో పెట్టి ఒకసారి ఎక్కి చూడండి. పదిహేను వేలు మిగులుతాయి.

ప్రశ్న: వయసు 34, బరువు 84 కిలోలు. ఆదివారాలు దోస్తులతో కొడవటూరు సిద్ధులగుట్ట వైపు సైకిలు మీద పోతాం. చదును మీద అందరికంటే ముందు నేనే. ఎత్తు రాగానే 60 కిలోల వాళ్లు మాయమైతరు. నేను ఆయాసంతో దిగి నడిపిస్తా. ‘పొట్టను మోసుకొస్తున్నవా అన్నా’ అని నవ్వుతరు. నెల నుంచి రాత్రి అన్నం మానేసిన. 4 కిలోలు తగ్గినా ఎత్తు అట్లనే ఉంది. ఇంకెంత తగ్గాలె?
– ఒక పాఠకుడు, బచ్చన్నపేట

జవాబు: ముందు ఈ రాత్రి కంచం ముందు కూర్చోండి, లెక్క తర్వాత చూద్దాం. కడుపు మాడ్చుకుంటున్నామనే ఉత్తరం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

చదును మీద మీకు అడ్డొచ్చేది గాలి. దానికి మీ బరువుతో పని లేదు, ఛాతీ వెడల్పే చూస్తుంది. పెద్ద ఒంటికి తొడల్లో సత్తువా ఎక్కువే కాబట్టి అక్కడ మీరు ముందుంటున్నారు. ఎత్తు మీద వేగం పడిపోతుంది, గాలి పక్కకు తప్పుకుంటుంది, బరువు పట్టుకుంటుంది. మీరూ 16 కిలోల సైకిలూ కలిపి 100 కిలోలు. మీ దోస్తూ సైకిలూ 76. అతని వేగంతో ఎక్కాలంటే మీ కాళ్లు దాదాపు మూడో వంతు ఎక్కువ పని చేయాలి. వాళ్ల నవ్వులో నిజం అంతవరకే.

మరి 4 కిలోలు తగ్గితే? పది నిమిషాల ఎత్తులో పాతిక సెకన్లు కలిసొస్తాయి, అదీ కాళ్లలో బలం అలాగే ఉంటే. మాడితే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. స్పెయిన్ వాడు మిగెల్ ఇండురైన్ 80 కిలోల మనిషి. ఆల్ప్స్, పిరనీస్ కొండలెక్కాల్సిన సైకిలు పందెం టూర్ డి ఫ్రాన్స్‌ను 1991 నుంచి 1995 దాకా వరసగా ఐదుసార్లు గెలిచాడు. 1998లో గెలిచిన ఇటలీ వాడు మార్కో పంతానీ 57 కిలోలే. కిలోకు ఎంత బలం ఉందన్నదే లెక్క.

మీ సైకిలుకు గేర్లున్నాయో లేదో రాయలేదు. లేనివాటికి ముందు 44, వెనక 18 పళ్లుండడం మామూలు. పెడల్ ఒక్కసారి తిరిగితే ఐదు మీటర్ల పైన లాగాలి. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కేటప్పుడు నిమిషానికి ముప్పై చుట్లే పడతాయి, ప్రతి చుట్టూ మోకాలికి శిక్షే. వెనక పళ్లు ఎక్కువున్న ఫ్రీవీలు వేయించండి. గేర్లుంటే ఎత్తు మొదలయ్యే ముందే తేలికది వేయండి, సగంలో కాదు.

వారానికి రెండు రోజులు ఒక్కరే వెళ్లి అదే ఎత్తును మూడు నిమిషాలు గట్టిగా తొక్కండి, నింపాదిగా దిగండి, నాలుగుసార్లు. మిగతా రోజులు మాట్లాడుతూ తొక్కగలిగినంతే. రాత్రి రెండు జొన్నరొట్టెలు, పప్పు, ఒక గుడ్డు. ఆదివారం మొదట్లో దోస్తులను పోనివ్వండి, వెంటపడకండి. ఛాతీలో పట్టేసినట్టుంటే మాత్రం సైకిలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. బడికి పోయే దారిలో ఎత్తు మీద మోకాలు నొప్పంటాడు. బరువు తగ్గించాలా?
– ఒక తల్లి, చేర్యాల

జవాబు: పిల్లాడిని కాదమ్మా, సీటును ముట్టుకోండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి తొక్కితే కాలు నిటారుగా రావాలి. అంత ఎత్తుకు లేపించండి. ఎదిగే వయసు, మూణ్ణెల్లకోసారి మళ్లీ చూడాలి.